పట్టుపురుగుల షెడ్డులో రెండు తేమ మీటర్లు, రెండు లెక్కలు. దేన్ని నమ్మాలి?

మడకశిర పట్టురైతు:

అందరికీ నమస్కారం. మాది మడకశిర పక్కన పల్లె. బైవోల్టిన్ (ఏడాదికి రెండు తరాలు వచ్చే రకం పురుగు) పంటలు తీస్తాం. చాకీ కేంద్రం (పిల్ల పురుగులను పెంచి ఇచ్చే చోటు) నుంచి రెండో జ్వరం, అంటే రెండోసారి చర్మం విడవడం, దాటిన పురుగులు తెచ్చుకుని షెడ్డులో పెంచుతాం. ఇప్పుడు నాలుగో జ్వరం లేచి ఐదో దశలో ఉన్నాయి, ఆకు బాగా తింటున్నాయి.

షెడ్డులో గోడకు మా నాన్న కాలం నాటి తడి-పొడి థర్మామీటరు ఒకటి ఉంది. చెక్క పలక మీద రెండు గొట్టాలు, ఒకదాని బుడ్డికి గుడ్డ చుట్టి ఆ గుడ్డ కొస కింద నీళ్ల డబ్బీలో మునిగి ఉంటుంది. ఈ మధ్య ఆన్‌లైన్‌లో ఒక డిజిటల్ మీటరు కూడా తెప్పించాను. పొద్దున చూస్తే పాతదాంట్లో పొడి గొట్టం 26, తడి గొట్టం 24. రెండింటి తేడాను బట్టి తేమ చెప్పే పట్టికలో చూస్తే 84 శాతం వచ్చింది. డిజిటల్‌లో చూస్తే 72.

ఐదో దశకు 65 నుంచి 70 మధ్య ఉండాలంటారు. 72 నిజమైతే పెద్దగా చేయాల్సిందేమీ లేదు. 84 నిజమైతే సున్నపుకట్టు (పురుగు తెల్లగా గట్టిపడి చచ్చే బూజు రోగం) వస్తుందేమోనని టెన్షన్. బయట ముసురు పట్టింది. కిటికీలు తీస్తే తేమ ఇంకా లోపలికి వస్తుందని నాన్న, తీయకపోతే పురుగు చస్తుందని నేను. రెండింట్లో ఏది నమ్మాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పలమనేరు అన్న:

తమ్ముడూ, మా షెడ్డులోనూ ఇదే గొడవ. నేనైతే మీటరు కంటే పురుగులకు ఆకు పరిచే పడకనే నమ్ముతా. తిని వదిలేసిన ఆకు మధ్యాహ్నానికి ఎండి గలగలలాడితే గాలి పొడిగా ఉన్నట్టు. సాయంత్రం దాకా పచ్చిగానే ఉండి, కింది పొర బూజు వాసన కొడితే తేమ ఎక్కువైనట్టు. ముసురు రోజుల్లో జ్వరం టైములో పడక మీద సున్నం పొడి పలుచగా చల్లుతాం, తేమ పీల్చుకుంటుంది. మీటర్ల సంగతి మాత్రం నాకూ అంతుబట్టలేదు, ఎవరైనా చెప్తే వింటా.

పాత అబ్జర్వర్:

నాయనా, నా ఉద్యోగమంతా ఈ తడి గుడ్డతోనే గడిచింది. వాతావరణ కేంద్రంలో పొద్దున ఎనిమిదిన్నరకు, సాయంత్రం ఐదున్నరకు తెల్లరంగు చెక్కపెట్టె తలుపు తీసి ఈ రెండు గొట్టాలు చదివేవాణ్ని. అందుకని కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టు.

నీ పాత మీటరులో గొట్టాల కంటే ముందు గుడ్డను చూడు. వేలితో నొక్కితే మెత్తగా ఉందా, గట్టిగా అట్టలా ఉందా? మీ వైపు బోరు నీళ్లు పోస్తే గుడ్డ మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. అలాంటి గుడ్డ నీళ్లు సరిగ్గా పైకి లాగదు. నీరు ఆవిరైతేనే బుడ్డి చల్లబడుతుంది. చల్లబడటం తగ్గితే తడి గొట్టం పైన నిలబడుతుంది, రెండింటి మధ్య తేడా తగ్గుతుంది, పట్టికలో తేమ ఎక్కువ కనిపిస్తుంది. ఈ పరికరంలో ఒక గుణం గుర్తుపెట్టుకో. గుడ్డ మాసినా, డబ్బీలో నీళ్లు అయిపోయినా, గాలి కదలకపోయినా తప్పు ఒకే వైపు పోతుంది: ఉన్న తేమ కంటే ఎక్కువ చూపిస్తుంది. నీ 26, 24 లో తడి గొట్టం ఒక్క డిగ్రీ తప్పు చూపినా లెక్కలో ఆరేడు శాతం తేడా పడుతుంది.

ముందు గుడ్డ విప్పేసి బుడ్డి తుడిచి, రెండు గొట్టాలూ బాగా ఆరాక చూడు. రెండూ ఒకే అంకె చూపాలి. చూపకపోతే ఆ తేడాను ఎప్పుడూ లెక్కలో కలుపుకోవాలి. తర్వాత పలుచటి మల్లు గుడ్డ తీసుకో. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, అది పోయేదాకా మరిగించి ఉతుకు. బుడ్డి చుట్టూ ఒకే పొర, ముడతలు లేకుండా. లావుగా చుడితే ఎక్కువ తడి ఉంటుందనుకుంటారు, అది వట్టి మాట. డబ్బీలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బ్యాటరీ షాపులో అడిగితే ఇస్తారు, యాసిడ్ సీసా మాత్రం తెచ్చుకోకు. గుడ్డను వారానికోసారి మార్చు. పురుగుల షెడ్డులో దుమ్ము ఎక్కువ, ఇంకా ముందే మార్చినా మంచిదే.

ఇక గాలి. ఆ పలక మూలన గోడకు వేలాడుతుంటే దాని చుట్టూ గాలి నిలిచిపోతుంది. చదివే ముందు టేబుల్ ఫ్యాను రెండు మూడు నిమిషాలు దాని మీదికి తిప్పు. తడి గొట్టం దిగి దిగి ఒకచోట ఆగుతుంది, ఆ అంకె రాసుకో. నోటితో ఊదకు, నీ ఊపిరిలోనే తేమ ఉంటుంది. మొహం దగ్గర పెట్టి తీరిగ్గా చదివినా పాదరసం ఎక్కుతుంది. మేం ఊపిరి బిగబట్టి, ముందు పాయింట్లు (డిగ్రీలో పదో వంతులు), తర్వాత డిగ్రీలు చూసుకుని తలుపు మూసేవాళ్లం. ఈ గాలి గొడవ తీర్చడానికే జర్మనీలో అస్మన్ అనే ఆయన గొట్టాల మీదుగా ఫ్యాను గాలి లాగే పరికరం చేశాడు. మిల్లుల్లో చేత్తో గిరగిర తిప్పే రకం వాడతారు, పనిచేసేది రెండూ ఒకే సూత్రం మీద.

మా దగ్గర వెంట్రుకల మీటరు కూడా ఉండేది. నూనె పూర్తిగా తీసేసిన మనిషి తలవెంట్రుకలు. గాలి పూర్తి పొడి నుంచి పూర్తి తడికి మారితే వెంట్రుక రెండున్నర శాతం దాకా సాగుతుంది, ఆ సాగుడే పెన్ను ములికిని కాగితం మీద జరుపుతుంది. 1783 లో సోస్యూర్ అనే స్విట్జర్లాండ్ ఆయన బయటపెట్టిన పద్ధతి. రాయలసీమ ఎండాకాలంలో వెంట్రుకలు బిర్రబిగుసుకుని మొండికేసేవి, తడిగాలి పెట్టి మళ్లీ దారికి తెచ్చేవాళ్లం. నీకు దాంతో పనిలేదు, ఊరికే జ్ఞాపకం వచ్చి రాశాను.

సర్క్యూట్ పిచ్చోడు:

పెద్దాయన పాతదాని సంగతి తేల్చారు. డిజిటల్ గురించి నేను చెప్తా.

లోపల ఒక పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. పీల్చినకొద్దీ దాని కరెంటు గుణం (కొన్నింట్లో కెపాసిటెన్స్, కొన్నింట్లో రెసిస్టెన్స్) మారుతుంది, చిప్ దాన్ని శాతంగా చూపిస్తుంది. చవక మీటర్లలో ఏ సెన్సర్ వేశారో చెప్పరు. మేం ప్రాజెక్టుల్లో వాడే డీహెచ్‌టీ11 అయితే కాగితం మీదే అయిదు శాతం అటూ ఇటూ, పైగా 90 దాటితే దాని పరిధి దాటినట్టే. చాకీ పురుగులకు 85, 90 కావాలి కాబట్టి అక్కడ అసలు పనికిరాదు. ఎస్‌హెచ్‌టీ31 లాంటిది అయితే రెండు శాతం లోపు ఉంటుంది, ధర కూడా అలాగే ఉంటుంది.

మీ మీటరు ఎంత తప్పో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. సోడా మూతలో ఉప్పు పోసి కొన్ని చుక్కల నీళ్లు వేయండి. తడి ఇసుకలా ఉండాలి. ఉప్పు మొత్తం కరిగిపోకూడదు, పైన నీళ్లు తేలకూడదు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరబడని డబ్బాలో పెట్టి, ఉప్పు మీటరుకు తగలకుండా చూసి, ఎండ పడనిచోట రాత్రంతా ఉంచండి. తడి ఉప్పు మీద గాలి 75 శాతం దగ్గర నిలబడుతుంది. 20 డిగ్రీలైనా 30 అయినా దాదాపు అదే అంకె. పొద్దున డబ్బా మూత తీయకుండానే చదవండి. మీకు కావాల్సింది 70 చుట్టుపక్కలే కాబట్టి ఈ ఒక్క టెస్ట్ చాలు.

మడకశిర పట్టురైతు:

అన్నా, సార్, చాలా థాంక్స్. చెప్పినట్టే చేశాం.

ఉప్పు డబ్బాలో డిజిటల్ 68 చూపింది. అంటే ఏడు తక్కువ. పాతదాని గుడ్డ చూస్తే నిజంగానే సున్నం కొట్టిన తాడులా ఉంది, విరిస్తే విరిగింది. గొట్టాలు రెండూ ఆరబెట్టి చూస్తే ఒకే అంకె వచ్చింది. అమ్మ పాత మల్లు చీర కొంగు ముక్క ఉడకబెట్టి చుట్టింది. ఫ్యాను పెట్టి చూస్తే పొడి 26, తడి 23. పట్టికలో 78. అదే టైముకు డిజిటల్ 71, ఏడు కలిపితే 78!

అంటే 84 కాదు, 72 కాదు. అయినా ఎక్కువే కదా. కిటికీల పంచాయితీ ఇంకా తెగలేదు. బయట పెట్టి చూస్తే 22 డిగ్రీలు, సరిచేస్తే 85 శాతం ఉంది. 85 గాలి లోపలికి వస్తే 78 తగ్గుతుందా అని నాన్న అడుగుతున్నారు. ఇంకో డౌటు: పంట అయ్యాక షెడ్డు కడిగి బ్లీచింగ్, ఫార్మలిన్ కొడతాం. మీటర్లు లోపలే ఉంచొచ్చా?

పాత అబ్జర్వర్:

నాన్నగారికి చెప్పు, శాతం శాతంతో పోల్చకూడదు. 22 డిగ్రీల గాలి పట్టగలిగే ఆవిరే తక్కువ. 85 శాతమన్నా అందులో ఉన్న నీరు అంత తక్కువే. అదే గాలి మీ షెడ్డులోకి వచ్చి 26 కు వెచ్చబడితే దాని తేమ 67 దగ్గరికి దిగుతుంది. కాబట్టి రాత్రి చలిగాలి మీకు మేలే చేస్తుంది, షెడ్డు వేడి మరీ పడిపోకుండా చూసుకుంటే చాలు. ఎదురెదురు కిటికీలు కొద్దికొద్దిగా తీసి పెట్టండి, తడి గోనెపట్టాలు ఉంటే తీసేయండి, నీటి తుంపర చల్లే ఫాగరు జోలికి పోవద్దు. మధ్యాహ్నం బయట కూడా 26, 27 అయి ముసురు అలాగే ఉంటే అప్పుడు నాన్నగారి మాటే కరెక్టు, మూసేయండి.

సర్క్యూట్ పిచ్చోడు:

మందు కొట్టే ముందు డిజిటల్‌ను తప్పకుండా ఇంట్లోకి తెచ్చేయండి. క్లోరిన్, ఫార్మలిన్ ఆవిర్లు ఆ పొరలోకి ఎక్కితే రీడింగ్ పక్కదారి పడుతుంది. ఒక్కోసారి మళ్లీ తిరిగి రాదు. వాసన పూర్తిగా పోయాకే లోపల పెట్టి, ఇంకోసారి ఉప్పు టెస్ట్ చేయండి, ఏడు కాస్తా పది అయిందేమో తెలుస్తుంది. ఫాగర్ తుంపర నేరుగా తగిలేచోట కూడా వద్దు, సెన్సర్ తడిస్తే ఆరేదాకా 99 చూపిస్తూనే ఉంటుంది. గాజు గొట్టాలకు ఈ బాధ లేదు, గుడ్డ ఒక్కటి మారిస్తే చాలు.

పలమనేరు అన్న:

మా మీటరు గుడ్డ కూడా ఇప్పుడే చూసొచ్చా. మల్లు గుడ్డకు మనిషిని పంపించా.