‘వివరింపదగున్’ అంటే ‘విడమరచి చెప్పాలి’ అనేనా?

ఈ చర్చను ప్రారంభించిన మిత్రులకు నమస్కారం. మీరు అడిగిన సుమతీ శతక పద్యం ఇది:

వినదగు నెవ్వరు చెప్పిన
వినినంతనె వేగపడక వివరింపదగున్
కని కల్ల నిజము దెలిసిన
మనుజుడె పో నీతిపరుడు మహిలో సుమతీ!

నేటి వాడుకలో ‘వివరించు’ అంటే తెలిసినవారు తెలియనివారికి విడమరచి చెప్పడం. ఆ అర్థం ఇక్కడ పొసగదు. వినేవాడు, వేగపడనివాడు, వివరించేవాడు, కల్ల నిజము తెలుసుకొనేవాడు ఈ పద్యంలో ఒక్కడే. తనకే ఇంకా తేలని విషయాన్ని అతడు ఇతరులకు ఏమని విడమరచి చెప్పగలడు? కాబట్టి ఇక్కడి వివరించడం, విన్నదాన్ని విప్పి, పొరలు వేరుచేసి, విచారించడమే. ‘వివరణ’కు సంస్కృతంలో మూలార్థం కూడా మూసి ఉన్నదాన్ని తెరవడమే కదా.

కవి ‘విచారింప’ అనదలచి ఛందస్సు కోసం మాట మార్చాడేమో అనే అనుమానం రావచ్చు. ‘విచారిం’ ఐదు మాత్రలవుతుంది (మాత్ర అంటే ఉచ్చారణ కాలపు కొలత), ఈ పద్యపు ఛందస్సైన కందంలో గణానికి, అంటే పాదంలోని ఒక్కో విభాగానికి, నాలుగే మాత్రలు. ‘వివరిం’ నాలుగు మాత్రల సగణమై సరిపోతుంది. అయితే ఆ ఇరుకులో కవికి దొరికినది మరింత మంచి మాట అని నా నమ్మకం.

వింతలనూ చారిత్రక రహస్యాలనూ ఆధారాలతో పరిశోధించిన రచనలు చదివినప్పుడల్లా నాకు ఈ పాదమే గుర్తుకు వస్తుంది. 1872 డిసెంబరులో అట్లాంటిక్ సముద్రంలో, అజోర్స్ దీవులకూ పోర్చుగల్‌కూ నడుమ, మనుషులెవరూ లేకుండా తేలుతూ కనిపించిన మేరీ సెలెస్ట్ ఓడ కథ చాలామంది విన్నదే: బల్ల మీద టీ ఇంకా వేడిగానే ఉందనీ, పడవలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయనీ, కెప్టెన్ బ్రిగ్స్, ఆయన భార్య, రెండేళ్ల కూతురు సహా పదిమంది గాలిలో కలిసిపోయారనీ చెబుతారు. విప్పి చూస్తే, ఓడలోని దినచర్యలో చివరి నమోదు నవంబరు 25 నాటిది. తొమ్మిది, పది రోజుల తరువాత టీ వేడిగా ఉండే ప్రసక్తే లేదు. ఓడకున్న ఒకే ఒక్క పడవ కనబడలేదు, దిక్కులు లెక్కగట్టే పరికరాలు కూడా లేవు. అంటే వారు పడవలోకి దిగి వెళ్లారన్నమాట. ‘పడవలు చెక్కుచెదరలేదు’ అన్నది 1884లో, షెర్లాక్ హోమ్స్ కథల రచయిత కానన్ డాయిల్ రాసిన కల్పిత కథలోనిది. ఓడను చేర్చిన జిబ్రాల్టర్ రేవులో జరిగిన విచారణలో, ఓడలో దొరికిన కత్తి మీది మరకలు నెత్తురే అనుకున్నారు, పరీక్షిస్తే కాదని తేలింది.

కవి ‘నిజము’ అని ఊరుకోక ‘కల్ల నిజము’ అనడంలోని సొగసు ఇక్కడే తెలుస్తుంది. ఈ ఓడ విషయంలో కల్ల ఏదో తేలింది కాని, వారు ఎందుకు దిగిపోయారన్నది నేటికీ నిశ్చయంగా తేలలేదు. సరుకుగా ఉన్న 1701 ఆల్కహాల్ పీపాలలో తొమ్మిది ఖాళీగా ఉన్నందున, ఆ ఆవిరికి పేలుడు భయం కలిగి ఉంటుందన్నది ఒక ఊహ మాత్రమే.

‘వివరించు’ విచారించు అనే అర్థంలో వచ్చిన ప్రయోగాలు ప్రాచీన కావ్యాలలో ఎవరికైనా కనిపించి ఉంటే, పద్యంతో సహా ఇక్కడ ఉంచవలసిందిగా కోరుతున్నాను.