వాల్వ్ జబ్బున్నోళ్లకి జ్వరమొస్తే ముందు ఇంజెక్షనా, బ్లడ్ కల్చరా?

మంగళగిరి_పాడి: మా బాబాయికి చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి గుండె వాల్వ్ దెబ్బతింది. రెండు నెలల్నుంచి రోజూ సాయంత్రం చలిజ్వరం, తెల్లారేసరికి చొక్కా పిండేంత చెమట, ఊళ్లో ఆర్‌ఎంపీ మూడు విడతలు యాంటీబయాటిక్ చేశాడు, తగ్గుద్ది మళ్లీ వచ్చుద్ది. విజయవాడ సూర్యారావుపేటలో ఎకో (గుండె స్కాన్) తీస్తే వాల్వ్ మీద వెజిటేషన్, అంటే ఇన్ఫెక్షన్ గడ్డ ఉందన్నారు, బ్లడ్ కల్చర్‌లో (రక్తాన్ని బాటిల్లో పోసి క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) మాత్రం ఏం పెరగలేదు, ముందే మందులు పడ్డాయిగా అన్నారు. రక్తం తియ్యకుండా ఇంజెక్షన్ చెయ్యడం తప్పా కాదా?

కొత్తపేట_నర్స్: తప్పని అంత తేలిగ్గా అనకన్నా. స్టాఫ్ ఆరియస్ అనే బాక్టీరియా అయితే రోజుల్లోనే వాల్వ్‌ని చింపేస్తది. బీపీ పడిపోతున్న మనిషికి రాత్రి పదింటికి పల్లెలో కల్చర్ బాటిల్ ఎక్కణ్ణుంచి తెస్తాం?

గుంటూరు_ల్యాబ్: బీపీ పడిపోతుంటే ఎవరూ ఆగమనరు సిస్టర్, బాటిల్ ఉన్నచోట రక్తం లాగి వెంటనే మందు ఎక్కించొచ్చు, నిమిషాల పని. రెండు నెలల జ్వరానికి అంత తొందరేంటి? మందు పడకముందే మూడుసార్లు, వేర్వేరు చోట్ల, బాటిల్‌కి 8–10 మి.లీ. తియ్యాలి. ఇంకోటి, కల్చర్ రాలేదంటే ప్రతిసారీ మందుల వల్లే కాదు. క్యూ ఫీవర్ తెచ్చే కాక్సియెల్లా అనే బాక్టీరియా కణాల లోపలే బతుకుద్ది, మామూలు బాటిల్లో ఎన్నాళ్లుంచినా రాదు, యాంటీబాడీలు చూడాల్సిందే. బ్రూసెల్లా అనే ఇంకో బాక్టీరియా నిదానంగా పెరుగుద్ది, ఐదో రోజు బాటిల్ తీసేస్తే తప్పిపోవచ్చు, పైగా ల్యాబ్‌లో మాకే అంటుకునే రకం, అనుమానముంటే ఫారం మీద రాయాలి. ఈ రెండూ పశువుల నుంచి అంటుకునేవే, మీ బాబాయికి పశువులున్నాయా?

మంగళగిరి_పాడి: ఆరు గేదెలు. సంక్రాంతప్పుడు ఒకటి ఎనిమిదో నెల్లో ఈసుకుపోయింది, మాయ పడకపోతే బాబాయే వట్టి చేత్తో లాగాడు. ఆసుపత్రిలో ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

గుంటూరు_ల్యాబ్: రేపు పొద్దున్నే ఇదే మాట డాక్టర్ గారికి చెప్పండి, బ్రూసెల్లా, క్యూ ఫీవర్ రెండింటికీ రక్తపరీక్ష అడగండి. మందులే వేరు. బ్రూసెల్లా అయితే డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ లాంటివి కలిపి నెలల తరబడి, చాలామందికి వాల్వ్ ఆపరేషన్ కూడా. క్యూ ఫీవర్ అయితే డాక్సీసైక్లిన్‌తో హైడ్రాక్సీక్లోరోక్విన్, కనీసం 18 నెలలు.

తెనాలి_పశువైద్యం: ఆ గేదెకీ రక్తపరీక్ష చేయించండి బాబూ, పాలు కాచకుండా ఎవరూ తాగొద్దు. బ్రూసెల్లా టీకా 4–8 నెలల పెయ్యదూడలకి, జీవితంలో ఒక్కసారే, ఆ వయసు దాటాక వెయ్యరు.

కొత్తపేట_నర్స్: ప్రాణం మీదికొస్తే మందే ముందు, ఆ మాట మీదే ఉన్నా. కానీ ఇరవై ఏళ్లుగా కేస్ షీట్లు రాస్తున్నా, బీపీ ఉందా షుగర్ ఉందా అని అడిగానేగానీ గేదెలున్నాయా అని ఒక్కరినీ అడగలేదు. రేపటి డ్యూటీ నుంచి అడుగుతా.