బెంజమిన్ హేడన్ ఎందుకు నిలదొక్కుకోలేకపోయారు?

ప్రశ్న:
ఆంగ్ల కవి కీట్స్ గురించి చదువుతుంటే, 1816లో ఆయన ముఖానికి అచ్చు తీసిన ఆంగ్ల చిత్రకారుడు బెంజమిన్ రాబర్ట్ హేడన్ (1786–1846) ప్రస్తావన పదేపదే వస్తోంది. కీట్స్, మరో కవి వర్డ్స్‌వర్త్ ఇద్దరూ ఆయనపై సానెట్లు (పద్నాలుగు పాదాల కవితలు) రాశారు. అంతటి మన్నన పొందిన వ్యక్తి అప్పులతో కుంగి ఆత్మహత్య చేసుకోవడానికి కారణం ఏమిటి? లోపం ప్రతిభలో ఉందా, కాలంలో ఉందా?

మొదటి సమాధానం:
కొనేవారు లేకపోవడమే అసలు కారణమని నేను నమ్ముతాను. బైబిలు ఘట్టాలనూ రోమన్ గాథలనూ భారీ తైలవర్ణ చిత్రాలుగా మలచే పద్ధతికి ఫ్రాన్సులో ప్రభుత్వం అండగా నిలిచింది. ఇంగ్లండు సంపన్నులు మాత్రం తమ ఇంటి గోడకు సరిపడే పోర్ట్రెయిట్లనే ఎక్కువగా కోరుకున్నారు. ఆరేళ్లు శ్రమించి గీసిన ‘క్రీస్తు జెరూసలేం ప్రవేశం’ చిత్రాన్ని 1820లో లండన్ ఈజిప్షియన్ హాలులో టికెట్టు పెట్టి ప్రదర్శిస్తే వేలాది మంది వచ్చారు గాని, కొనడానికి ఎవరూ ముందుకు రాలేదు. 1823లో ‘లాజరస్’ చిత్రం ప్రదర్శనలో ఉండగానే బాకీల కింద ఆయనను అరెస్టు చేశారు.

రెండవ సమాధానం:
తప్పంతా కాలానిదే అనలేం. 1809లో తన ‘డెంటేటస్’ చిత్రాన్ని లండన్ కళాసంస్థ రాయల్ అకాడమీ పక్కగదిలో వేలాడదీసిందని హేడన్ ఆగ్రహించి, తర్వాత పత్రికలో ఆ సంస్థపై తీవ్రంగా రాసి, ఆదరించగలవారిని కూడా దూరం చేసుకున్నారు. చిత్రాల్లోనూ ఎగుడుదిగుళ్లు ఉన్నాయి. అయితే ఏథెన్స్‌లోని ప్రాచీన గ్రీకు ఆలయం పార్థినాన్ శిల్పాల విలువను లండన్‌లో తొలినాళ్లలోనే గుర్తించి, వాటి కోసం గట్టిగా వాదించిన ఘనత ఆయనది.

మూడవ సమాధానం:
నన్ను ఎక్కువగా బాధించేది చివరి ఘట్టం. ప్రభుత్వ భవనాలను చరిత్ర చిత్రాలతో అలంకరించాలని హేడన్ జీవితమంతా పోరాడారు. 1834లో పార్లమెంటు భవనం కాలిపోయిన తర్వాత, కొత్త భవనంలో చిత్రాల కోసం 1843లో పోటీ పెట్టినప్పుడు ఆయనకు ఒక్క బహుమతీ దక్కలేదు. ఆ పోటీ నిర్వహించిన కమిషన్ కార్యదర్శి ఒకప్పుడు ఆయన దగ్గరే చిత్రకళ నేర్చుకున్న చార్లెస్ ఈస్ట్‌లేక్. 1846లో హేడన్ మళ్లీ ఈజిప్షియన్ హాలులోనే ‘అరిస్టైడిస్’, ‘నీరో’ చిత్రాలను ప్రదర్శించగా, జనం అదే భవనంలో ఉన్న మరుగుజ్జు వినోదకారుడు టామ్ థంబ్‌ను చూడటానికి ఎగబడ్డారు. ఒక వారంలో అతనికి 12,000 మంది వస్తే తనకు నూట ముప్పైమూడున్నర మంది వచ్చారని, ఆ అర ఒక చిన్నపాప అని హేడన్ డైరీలో రాసుకున్నారు. ఆ జూన్‌లోనే ఆయన మరణించారు. చిత్రాల కంటే ముందు ఆ డైరీ చదవండి. ఆయన ప్రతిభ నిస్సందేహంగా కనిపించేది అక్కడే.