అడవి స్నానంతో బీపీ తగ్గుతుందా? నాన్నగారిని పంపాలా, వద్దా?

గోదావరి_గట్టు:
మా నాన్నగారికి 63 ఏళ్లు. చాలా ఏళ్లుగా బీపీకి రోజూ ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నారు, కంట్రోల్‌లోనే ఉంది. మా బావగారు అరకు వైపు ఒక రిసార్టులో ‘అడవి స్నానం’ ప్యాకేజీ చూశారు, అంటే నీళ్లతో కాదు, చెట్ల మధ్య నెమ్మదిగా తిరుగుతూ గడపడం. ముగ్గురం కలిసి మూడు రోజులు వెళ్దామంటున్నారు. ఖర్చు బాగానే ఉంది, దాని సంగతి పక్కన పెడదాం. ప్రకటనలో ఏం రాశారంటే, జపాన్‌లో ఇది వైద్యమట, రోగనిరోధక శక్తి 50 శాతం పెరుగుతుందట, నెమ్మదిగా బీపీ మాత్రలతో పనే ఉండదట. నాన్నగారు ఆ చివరి మాట పట్టుకుని కూర్చున్నారు. మాత్రలంటే ఆయనకి మొదటినుంచీ విసుగు. చెట్ల మధ్య తిరిగితే మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను. మందు మానేసేంత మంచిదా అన్నదే నా టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

నగోయా_తెలుగోడు:
పంపండి అన్నా. ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తాను. ఈ అడవి స్నానానికి ‘షిన్‌రిన్ యోకు’ అని 1982లో జపాన్ అటవీ శాఖే పేరు పెట్టి ప్రచారం మొదలుపెట్టింది. అది మొదలైన అడవుల్లో అకసావా ముఖ్యమైనది, నగానో ప్రాంతంలో ఉంది. నగోయా నుంచి రైల్లో అగెమాత్సు దాకా వెళ్లి అక్కడ బస్సు ఎక్కాలి. అడవంతా హినోకీ చెట్లు, దాదాపు 300 ఏళ్ల నాటివి. ఇసే ఆలయాన్ని 20 ఏళ్లకోసారి కొత్తగా కడతారు కదా, ఆ కలప ఈ వైపు అడవుల నుంచే వెళ్తుంది. ఒకప్పుడు దుంగలు మోసిన చిన్న రైలు ఇప్పుడు సందర్శకులను తిప్పుతోంది.

అక్కడ ఎవరూ వేగంగా నడవరు. ఫోన్ సంచిలో పడేస్తారు. పది అడుగులు వేసి ఆగుతారు. బెరడు ముట్టుకుంటారు, వాగు పక్కన కళ్లు మూసుకుని కూర్చుంటారు, కొందరు వెల్లకిలా పడుకుని ఆకుల్లోంచి ఆకాశం చూస్తారు. రెండు గంటలైనా దూరం పెద్దగా సాగదు. దేశమంతా ఇలాంటి గుర్తింపు పొందిన అడవి దారులు 60కి పైగా ఉన్నాయి. కొన్నిచోట్ల వెళ్లే ముందు, వచ్చాక బీపీ చూస్తారు. నేను వెళ్లొచ్చినప్పుడల్లా ఆ రాత్రి నిద్ర గాఢంగా పడుతుంది. అయితే మాత్రలు మానేయమని అక్కడ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మందుల_చీటీ:
నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. ఆ 50 శాతం ఎక్కడిదో చెప్తాను. టోక్యోలో నిప్పాన్ మెడికల్ స్కూల్‌కు చెందిన చింగ్ లీ 2005లో 12 మంది మగ ఉద్యోగులను నగానోలోని ఈయామా అడవులకు తీసుకెళ్లారు. మూడు రోజులు, రెండు రాత్రులు. రక్తంలో ఎన్‌కే కణాలని ఉంటాయి, వైరస్ సోకిన కణాల్ని, క్యాన్సర్ కణాల్ని చంపేవి. వాటి చురుకుదనం ఇంచుమించు సగం పెరిగింది. తర్వాత ఇంకో బృందాన్ని నగర యాత్రకు తీసుకెళ్తే అలా పెరగలేదు. చెట్లు గాలిలోకి వదిలే ఫైటోన్‌సైడ్స్ కారణం కావచ్చని, హోటల్ గదిలో హినోకీ నూనె ఆవిరి పట్టించి కూడా చూశారు. పద్ధతిగా చేసిన పనే. కానీ 12 మంది. పైగా ఆ కణాలు చురుగ్గా ఉన్నందువల్ల వాళ్లకు జబ్బులు తక్కువ వచ్చాయా అన్నది అందులో చూడలేదు. ప్రకటనలో ఈ రెండు సంగతులూ లేవు.

ఇక బీపీ. జపాన్‌లో 24 అడవుల్లో చేసిన ప్రయోగాల ఫలితాలు 2010లో వచ్చాయి. మొత్తం 280 మంది, అందరూ ఇరవై ఏళ్లు దాటిన కుర్రాళ్లు. అడవిలోనూ నగరంలోనూ కాసేపు నడిపించి, కూర్చోబెట్టి పోల్చారు. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్ అడవిలో గట్టిగానే తగ్గింది, పదో వంతుకు మించి. పై బీపీలో తేడా మాత్రం 2 శాతం లోపే. 150 ఉన్న మనిషికి అది 3 పాయింట్లు. అదీ ఆ అడవిలో ఉన్న కాసేపు. ఒక మాత్ర మామూలుగా 8, 10 పాయింట్ల దాకా తగ్గిస్తుంది, రోజంతా.

మీ నాన్నగారి బీపీ కంట్రోల్‌లో ఉందంటే మాత్ర పని చేస్తోందని అర్థం. అడవికి వెళ్లొచ్చి బాగుందని మానేస్తే, కొన్నాళ్లకు మళ్లీ పెరుగుతుంది, పెరిగిందని తెలియదు కూడా. పక్షవాతంతో వచ్చిన వాళ్లలో ‘బాగానే ఉంది కదా అని ఆపేశాను’ అన్నవాళ్లను చూశాను. దయచేసి ఆ మాట ఆయనకి గట్టిగా చెప్పండి.

కేబీఆర్_ఉదయం:
డాక్టర్ గారూ, మాత్ర గురించి మీరన్నదానితో నాకు పేచీ లేదు. కానీ పాయింట్ల లెక్కతోనే అడవిని తూచేస్తే ఎలా? 1984లో రోజర్ ఉల్రిచ్ రాసినదాన్ని మీ వైద్యులే ఇప్పటికీ చెప్పుకుంటారు. అమెరికాలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్ల కంటే ముందే ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిని చూస్తే, వారానికి 120 నిమిషాలు చెట్లూ పచ్చికా మధ్య గడిపినవాళ్లు ఎక్కువమంది తాము ఆరోగ్యంగా ఉన్నామన్నారు.

నేను జూబ్లీహిల్స్ దగ్గర కేబీఆర్ పార్కుకి వెళ్తాను. బయట హారన్ల మోత, లోపల నెమళ్ల అరుపు. నగరం నడిబొడ్డున ఆ అడవి మిగిలింది కాబట్టే నాలాంటివాళ్లకు రోజూ దొరుకుతోంది. మూడు రోజులకు వేలు పోసే రిసార్టు ఎందుకు, మీ ఊళ్లో చెట్లున్న చోటుకి రోజూ తీసుకెళ్లండి.

మందుల_చీటీ:
అమ్మా, ఇంగ్లండ్ లెక్కలో చిక్కు ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బయటికి ఎక్కువ వెళ్తారు. ఏది ముందో ఆ లెక్క చెప్పలేదు. రోజూ వెళ్లాలన్న మాటకి మాత్రం నా ఓటు మీకే.

పాడేరు_ఘాట్:
అరకు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మాది ఏజెన్సీ. అడవి ఆరోగ్యం ఇస్తుందని అందరూ సులువుగా అనేస్తున్నారు. మా దగ్గర అడవిలోనే పుట్టి అడవిలోనే పెరిగినవాళ్లు మలేరియాతో పోయారు. నొప్పులు మొదలైన ఆడమనిషిని రోడ్డు లేక డోలీలో మోసుకొచ్చిన వార్తలు మీరూ చదివే ఉంటారు. చెట్ల గాలి మాకు కొదవ లేదు, ఆసుపత్రే దూరం.

ఇంకో మాట. మీరు చెప్పే ఆ ప్రశాంతత అడవిలో పని లేనివాడికి దొరుకుతుంది. అడ్డాకులు కోసే మా పిన్నికి అడవిలో నడుం నొప్పి, పాము భయం, ఇవాళ ఎన్ని కట్టలు అవుతాయన్న లెక్క. సంతలో రేటు పడిపోతే రాత్రి నిద్ర ఉండదు. ఆవిడా అదే గాలి పీలుస్తుంది. కాబట్టి సగం గుణం చెట్లది, సగం సెలవుది అని నా నమ్మకం. ఈ ప్రయోగాలు చేసేవాళ్లు మా పిన్ని లాంటివాళ్లను కూడా కొలిస్తే అప్పుడు తెలుస్తుంది.

రావద్దని అనడం లేదు, తప్పకుండా రండి. కొండ ఊళ్లో మనిషిని గైడుగా పెట్టుకోండి. ఏ చెట్టు దేనికి వాడతారో, ఏది ముట్టుకుంటే దురద వస్తుందో చెప్తాడు, డబ్బూ ఆ ఊరికే చేరుతుంది. వానాకాలం వద్దు, జలగలు, దోమలు. నిండు చేతుల చొక్కా, దోమతెర మర్చిపోకండి.

నగోయా_తెలుగోడు:
పాడేరు అన్న చెప్పింది నిజం. ఇక్కడ కూడా అడవి అందరికీ పడదు. యుద్ధం తర్వాత కలప కోసం కొండలనిండా సుగీ చెట్లు నాటారు. ఫిబ్రవరి వచ్చిందంటే వాటి పుప్పొడికి దేశంలో పదిమందిలో దాదాపు నలుగురు తుమ్ములు, కళ్ల మంటలతో అవస్థ పడతారు. హినోకీ పుప్పొడి ఆ తర్వాత మొదలవుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే కనుక్కోవాలి.

గోదావరి_గట్టు:
అందరికీ థ్యాంక్స్. నాన్నగారికి మొత్తం చదివి వినిపించాను. మాత్రల సంగతి డాక్టర్ గారి మాటతో తేలిపోయింది, ఆయన కాస్త గొణిగారు, అంతే. రిసార్టు రద్దు. చలికాలంలో అరకు వెళ్తాం, పాడేరు అన్న చెప్పినట్టు అక్కడి గైడుతోనే. డాక్టర్ గారూ, ఒక్క సందేహం. ఆయన రోజూ పొద్దున అరగంట చురుగ్గా నడుస్తారు. దాని బదులు ఈ నెమ్మది నడక చేయొచ్చా?

మందుల_చీటీ:
బదులు వద్దు. బీపీకి, గుండెకి వారానికి 150 నిమిషాల చురుకైన నడక మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్తోంది, దానికి ఆధారాలు చాలా గట్టివి. అడవిలో ఆగి ఆగి తిరిగితే ఆ శ్రమ ఉండదు. పొద్దున నడక నడకే, సాయంత్రం చెట్ల కింద కూర్చోవడం వేరే. అరకు ప్రయాణంలో బీపీ మిషన్ వెంట పెట్టుకోండి, రోజూ ఒకే వేళకి, ఐదు నిమిషాలు కూర్చున్నాక చూసి రాసుకోండి. ఇంటికి వచ్చాక ఇంకో రెండు వారాలు రాయండి. నిజంగా తగ్గుతూ ఉంటే ఆ కాగితం మీ డాక్టరుకి చూపించండి, డోసు తగ్గించాలో వద్దో ఆయన చెప్తారు.