ఇంట్లో ఇరానీ చాయ్: రంగు వస్తోంది గానీ చిక్కదనం రావట్లేదు, ఎక్కడ తేడా?

సాసర్‌చాయ్ (డల్లాస్):

అందరికీ నమస్కారం. ఇంట్లో ఇరానీ చాయ్ ఎంత చేసినా హైదరాబాద్ హోటల్ రుచి దగ్గరికి రావట్లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఇప్పటి పద్ధతి ఇదీ: రెండు గ్లాసుల నీళ్లలో నాలుగు చెంచాల అస్సాం సీటీసీ పొడి (ఆకుని నలిపి సన్నటి గుళ్లుగా చేసే రకం) వేసి పది నిమిషాలు మరిగించడం, అందులోనే ఒకటిన్నర గ్లాసు పాలు పోసి ఇంకో ఐదు నిమిషాలు పొంగనివ్వడం. పాలు ఇక్కడ దొరికే మామూలు హోల్ మిల్క్. కరెంటు స్టవ్, పైన గాజు పలక ఉండే రకం.

రంగు బాగానే వస్తోంది, తాగితే మాత్రం పల్చగా ఉంటోంది. పొడి పెంచినా, ఇంకాసేపు మరిగించినా గొంతు పట్టేసేంత వగరు. కండెన్స్‌డ్ మిల్క్ కలిపితే చిక్కదనం సంగతేమో గానీ పాయసంలా తయారవుతోంది. పొడి ఎంత, దమ్ (మూత బిగించి సన్నసెగ మీద ఉంచడం) ఎంతసేపు, ఏ పాలు? ఈ స్టవ్ మీద అసలు దమ్ పెట్టడం కుదురుతుందా?

కళాయిగిన్నె:

మీరు చేస్తున్నది మంచి ఇంటి టీ. దాన్ని ఎంత సరిదిద్దినా ఇరానీ చాయ్ కాదు. ఇరానీ చాయ్‌లో పాలు, డికాషన్ ఒకే గిన్నెలో మరగవు. డికాషన్‌కి మూత ఉండాలి, వాసన బయటికి పోకూడదు కాబట్టి. పాలకి మూత ఉండకూడదు, నీరు ఇగిరిపోవాలి కాబట్టి. ఈ రెండు పనులూ ఒక్క గిన్నెలో ఎలా జరుగుతాయి? అందుకే హోటళ్లలో రెండు పొయ్యిలు, రెండు గిన్నెలు. రెండూ కలిసేది కప్పులోనే.

వగరు సంగతి. సీటీసీ పొడిలోంచి రంగు, ఘాటు చాలావరకు మొదటి ఐదారు నిమిషాల్లోనే దిగిపోతాయి. తర్వాత దిగేదాంట్లో వగరే ఎక్కువ. పాలలో ఉండే కేసీన్ అనే ప్రోటీన్ ఆ వగరుని పట్టేసుకుని నాలుక మీద తెలియనివ్వదు. పల్చటి పాలలో కేసీన్ అందుకు సరిపడా ఉండదు. అరగంట దమ్ మీద ఉన్న డికాషన్‌ని హాయిగా తాగగలుగుతున్నామంటే అది ఇగిరిన పాల చలవే. డికాషన్ చిక్కబరిస్తే పాలు కూడా చిక్కబడాల్సిందే. ఈ జోడీ కుదరకపోతే మిగతావన్నీ కుదిరినా లాభం లేదు.

నాలుగు కప్పుల కొలత చెబుతాను. కప్పు అంటే ఇరానీ హోటల్ కప్పు, 120 మి.లీ. దరిదాపు. అక్కడి కాఫీ మగ్గు లెక్క వేసుకోకండి.

డికాషన్‌కి 300 మి.లీ. నీళ్లు, 14 గ్రాముల పొడి (కొలత టీస్పూన్‌తో తలగీసి ఆరు), 40 గ్రాముల చక్కెర (మూడు టేబుల్ స్పూన్లు). నీళ్లు తెర్లాక పొడి, చక్కెర వేసి రెండే నిమిషాలు పెద్ద సెగ మీద ఉంచండి. తర్వాత బిగుతైన మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అతికించి, సెగ పూర్తిగా తగ్గించి, గిన్నె కింద పాత ఇనప పెనం పెట్టండి. 25 నిమిషాలు. లోపల గుబగుబ ఉడుకుతున్న చప్పుడు వినిపిస్తే సెగ ఇంకా ఎక్కువున్నట్టే. వడకట్టేటప్పుడు జల్లెడలో పొడిని గరిటెతో నొక్కకండి. ఆ పిండిన నాలుగు చుక్కల్లో ఉండేది మడ్డీ, వగరూనే. పొడి పీల్చుకున్నది పోగా 230-240 మి.లీ. వస్తుంది.

పాలు అర లీటరు. వెడల్పు గిన్నెని ముందు చన్నీళ్లతో తడిపి, ఆ తడి మీదే పాలు పోయండి, అడుగంటడం తగ్గుతుంది. ఒక పొంగు రాగానే సన్నసెగకి దించి 25-30 నిమిషాలు ఇగరనివ్వండి. కట్టిన మీగడని తీసేయకుండా మళ్లీ పాలలోకే కలిపేస్తూ, అడుగు, అంచులు గీకుతూ ఉండాలి. చెక్క గరిటెని నిలువుగా ముంచి మొదటి మట్టం దగ్గర గీత పెట్టుకోండి, ఆ ఎత్తులో మూడో వంతు దిగాలి. తెలుపు పోయి లేత దంతం రంగు వస్తుంది, గరిటె వెనక సన్నటి పొర నిలుస్తుంది. ఆపాల్సింది అక్కడే. ఇంకా ఇగిరిస్తే బాసుంది వాసన మొదలై చాయ్‌ని మింగేస్తుంది. పాలలో చక్కెర వేయకండి, అడుగంటే పని రెట్టింపవుతుంది.

కప్పుని వేణ్ణీళ్లతో కడిగి, ముందు డికాషన్ 50 మి.లీ., పైన వేడి వేడి పాలు 70 మి.లీ. పాలు కాస్త ఎత్తు నుంచి పోస్తే తిప్పక్కర్లేకుండానే కలిసిపోతాయి.

మీగడతరక (న్యూజెర్సీ):

పై కొలతలు మన దగ్గరి ఫుల్ క్రీమ్ పాలకి సరిగ్గా సరిపోతాయి. వాటిలో కొవ్వు 6 శాతం, కొవ్వు కాని ఘనపదార్థాలు 9 శాతం. అమెరికా హోల్ మిల్క్‌లో కొవ్వు 3.25 శాతమే, అంటే ఇంచుమించు మన టోన్డ్ పాలు. అంతే ఇగిరిస్తే అంతే చిక్కదనం రాదు.

చాలామంది హాఫ్ అండ్ హాఫ్ (పాలు, క్రీమ్ కలిపి అమ్మేది) పోసేస్తుంటారు. రెండు వంతుల హోల్ మిల్క్‌కి ఒక వంతు కలిపితే కొవ్వు దాదాపు 5.7 శాతం వస్తుంది, నోటికి నున్నగానూ ఉంటుంది. అయితే అందులో పెరిగేది కొవ్వు, ప్రోటీన్ కాదు. వగరుని పట్టేది ప్రోటీన్ కదా, కాబట్టి వగరు అలాగే ఉండిపోతుంది. దానికన్నా ఎవాపరేటెడ్ మిల్క్ డబ్బా మేలు. చక్కెర లేకుండా, సగానికి పైగా నీరు తీసేసిన పాలే అవి. 400 మి.లీ. హోల్ మిల్క్‌కి 150 మి.లీ. ఎవాపరేటెడ్ మిల్క్ కలిపి సన్నసెగ మీద పావుగంట ఇగిరిస్తే చాలు. చిన్నగా డబ్బా వాసన ఉంటుంది, ఆ పావుగంటలో చాలావరకు పోతుంది. ఒట్టి ఎవాపరేటెడ్ మిల్క్‌తో చేస్తే మాత్రం పోదు.

మీరు వాడిన కండెన్స్‌డ్ మిల్క్‌లో సగానికి దగ్గరగా చక్కెరే ఉంటుంది. అది వేయాలనుకుంటే అర లీటరు పాలకి ఒక టేబుల్ స్పూన్ వేసి, డికాషన్‌లో చక్కెర ఆ మేరకు తగ్గించండి.

పాల డబ్బా మీద 'అల్ట్రా పాశ్చరైజ్డ్' అని ఉంటే ఈ పనికి పక్కన పెట్టండి. ఆర్గానిక్ పాలు చాలావరకు ఈ రకమే. 280 డిగ్రీల ఫారన్‌హీట్‌లో కాచినవి కాబట్టి సీసా విప్పకముందే వాటికి కాగిన వాసన ఉంటుంది. మళ్లీ అరగంట ఇగిరిస్తే ఆ వాసనే పైకి తేలుతుంది.

దమ్ సంగతి: గాజు పలక స్టవ్‌తో అవస్థ పడకండి. అతి తక్కువ మీద పెట్టినా అది ఆగి ఆగి వెలుగుతుంది, వెలిగిన ప్రతిసారీ డికాషన్ ఉడుకుతుంది. ఓవెన్ వాడండి. 200 డిగ్రీల ఫారన్‌హీట్ అంటే 93 సెల్సియస్, అంటే మరిగే స్థాయికి కొంచెం కింద. పొడి వేసి స్టవ్ మీద రెండు నిమిషాలు తెర్లించాక గిన్నె మూతికి అల్యూమినియం ఫాయిల్ బిగించి, మీద మూత పెట్టి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 30 నిమిషాలు ఉంచండి. పిండి ముద్ద అక్కర్లేదు. ప్లాస్టిక్ పిడి ఉన్న గిన్నె మాత్రం పెట్టకండి.

పొడిడబ్బా:

పాల గురించి అంతా చెప్పేశారు, పొడి, నీళ్ల గురించి నేను చెబుతాను.

సీటీసీ అన్నీ ఒకటి కాదు. గుళ్లు పెద్దవిగా ఉండేవి బీపీ, అంతకన్నా చిన్నవి పీఎఫ్, రవ్వలా ఉండేవి పీడీ, మెత్తటిది డస్ట్. గుళ్లు చిన్నవయ్యేకొద్దీ రంగు త్వరగా, ఎక్కువగా దిగుతుంది. గుళ్లు పెద్దవైతే నిదానంగా దిగుతుంది, వాసన బాగుంటుంది. ఇరానీ చాయ్‌కి రెండూ కావాలి: రెండు వంతులు డస్ట్ రకం, ఒక వంతు గుళ్ల పొడి. ఒట్టి డస్ట్‌తో అరగంట దమ్ పెడితే గొంతు పట్టకుండా ఎలా ఉంటుంది? హైదరాబాద్ బేగంబజార్‌లో లూజు పొడి కొనేవాళ్లు అరచేతిలో పోసి చూడండి: ఎర్రటి పీచు పుల్లలు కనిపిస్తే వద్దనండి. అవి ఆకు ఈనెలు, తూకమే తప్ప రుచి ఉండదు. పొడి మెత్తగా అంటుకుంటుంటే తేమ పట్టినట్టు. నీలగిరి పొడి సువాసనకి మంచిదే గానీ ఇగిరిన పాల కింద నిలబడదు, ఇక్కడ అస్సామే కావాలి.

ఆకు టీలతో, అంటే డార్జిలింగ్ లాంటి వాటితో ఈ ప్రయోగం చేయకండి. వాటిని మూడు నిమిషాలకి మించి నానబెట్టడమే దండగ, దమ్ పెడితే మిగిలేది చేదే.

నీళ్లు: బోరు నీళ్లతో చేస్తే కప్పు మీద సన్నటి జిడ్డు తెర కట్టి, కదిపితే ముక్కలుగా విరుగుతుంది. చాలామంది దాన్ని మీగడ అనుకుంటారు. నీటిలోని సున్నం, టీ కలిసి కట్టే తెర అది. ఆ నీళ్లలో రంగు కూడా మురికిగా వస్తుంది. వడపోసిన నీళ్లు వాడితే సమస్య తీరుతుంది. రంగు కోసం చిటికెడు వంటసోడా వేయమనే సలహా అక్కడక్కడా కనిపిస్తుంది, దయచేసి వినకండి. సోడా రంగుని నల్లబరుస్తుంది, రుచిని చప్పగా చేసి పారేస్తుంది. ఇనప గిన్నెలో డికాషన్ కాచినా అంతే, ఇనుముతో కలిసి నల్లసిరాలా మారుతుంది. స్టీలు గిన్నె మంచిది. పెనం గిన్నె కింద ఉండటంలో తప్పేం లేదు.

అల్లం గురించి మీరు అడగలేదు, ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి చెబుతున్నా. ఇరానీ చాయ్‌లో అల్లం లేదు. వేసి తీరాలంటే డికాషన్‌తోపాటు ఉడికించండి. పచ్చి అల్లం రసం నేరుగా వేడి పాలలో పడితే అందులోని ఎంజైమ్ పాలని విరిచేస్తుంది.

సాసర్‌చాయ్ (డల్లాస్):

కళాయిగిన్నె గారూ, మీగడతరక గారూ, పొడిడబ్బా గారూ, చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. ఓవెన్ ఆలోచన అద్భుతం. ఇంకో రెండు ప్రశ్నలు. డికాషన్ ఒకేసారి ఎక్కువ చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చా? పెడితే బురదలా మారుతోంది, పాడైనట్టా? ఇంకోటి, డిసెంబర్‌లో హైదరాబాద్ వస్తున్నాం. పోల్చి చూసుకోవడానికి ఎక్కడ, ఎప్పుడు తాగాలి?

కళాయిగిన్నె:

పాడైనట్టు కాదు. గట్టి అస్సాం డికాషన్ చల్లారితే కెఫీన్, రంగునిచ్చే పదార్థాలు ఒకదాన్నొకటి పట్టుకుని తేలకుండా, కరక్కుండా నిలిచిపోతాయి. చాయ్ వ్యాపారంలో దీన్ని మంచి పొడికి గుర్తుగా కూడా చూస్తారు. వేడి చేయండి, మళ్లీ తేటపడుతుంది. మరగనివ్వకండి, ఆవిరి రాగానే దించేయండి. వడకట్టిన డికాషన్ ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచవచ్చు. పొడితో సహా పెట్టొద్దు. ఇగిరిన పాలు మాత్రం ఏ రోజువి ఆ రోజే బాగుంటాయి.

నాంపల్లి_దమ్:

హోటల్ సంగతి నేను చెప్త. చార్మినార్ పక్కన నిమ్రా, రెడ్‌హిల్స్‌ల నీలోఫర్, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఆల్ఫా, బ్లూ సీ. ఈ నాలుగు తాగితే చాలు, ఒక్కొక్కదాని చెయ్యి ఒక్కొక్కతీరు ఉంటది. నీలోఫర్‌ల పాల చిక్కదనం ముందు తెలుస్తది. స్టేషన్ దిక్కు చాయ్‌ల డికాషన్ ముందు తెలుస్తది, నాకు అదే ఇష్టం.

టైమ్ చూసుకొని పోవాలె. పొద్దుగాల ఆరున్నర, ఏడు మధ్యల గాని, సాయంత్రం నాలుగున్నరకు గాని పోండి. గిరాకీ గట్టిగ ఉన్నప్పుడు గిన్నె తొందరగ ఖాళీ అయితది, కొత్త డికాషన్ పడ్తది. పగటీలి రెండు గంటలకు పోతే పొద్దటి డికాషనే ఇంకా సెగ మీద ఉండొచ్చు, గప్పుడు వగరు కొడ్తది. దాన్ని బట్టి హోటల్‌ని తీర్పు చెయ్యొద్దు.

కప్పు వచ్చినంక కలపకుండ ముందు ఒక గుక్క తాగండి. రంగు ఇటుక దిక్కు ఉండాలె, బూడిద రంగు కొడ్తే డికాషన్ పల్చన. మొదలు పాల తీపి, ఎనక డికాషన్ ఘాటు రావాలె, మింగినంక గొంతుల పట్టొద్దు. కప్పు సగం తాగినంక అంచుకు గోధుమ రంగు గీత నిలిచిందా చూడండి. నిలిస్తే పాలు మంచిగ ఇగిరినయ్ అన్నట్టు. యాలకుల వాసన ముందే కొట్టిందంటే నాకైతే అనుమానమే, డికాషన్ వాసన లేని కాడనే యాలకులు ఎక్కువ పడ్తయ్.

ఉస్మానియా బిస్కట్‌ల ఉప్పు గూడ ఉంటది, చాయ్ తీపికి గదే జోడు. సగం ముంచి రెండు సెకన్లల తియ్యండి, ఆలస్యమైతే కప్పుల విరిగి పడ్తది. పొరలు పొరలుగ ఉండే ఫైన్ బిస్కట్ అయితే జర ఎక్కువ సేపు ఓరుస్తది. ఇద్దరు పోతే వన్ బై టూ చెప్పకుండ చెరొక కప్పు తీసుకోండి. సగం కప్పు జల్ది చల్లారుతది, చల్లారిన ఇరానీ చాయ్‌ల తీపి ఒక్కటే మిగుల్తది.