ఒకటి, రెండు తరగతులకు జంతువుల అనుకూలనాలు: బొమ్మల పుస్తకంతో ఎలా చెప్పాలి?

చంద్రగిరి టీచర్:

ఒకటి, రెండు తరగతులు కలిపి 22 మంది, ఒకటే గది. వారానికి రెండు సార్లు అరగంట చొప్పున దొరుకుతుంది. జంతువు ఒంటికీ అది బతికే చోటుకీ ఉన్న లంకె బొమ్మల పుస్తకాలతో చెప్పాలి. నా దగ్గర మూడు ఉన్నాయి: ఒంటె, ధ్రువపు ఎలుగుబంటి, పక్షుల ముక్కులు. చదివి వినిపిస్తే కథ మొత్తం అప్పజెప్తారు. "ఒంటెకు మోపురం ఎందుకు?" అంటే మాత్రం "ఒంటె కదా, ఉంటుంది" అంటారు. వెనక వరసకు బొమ్మ కనబడదు. "అనుకూలనం" అనే మాట ఇప్పుడే నేర్పాలా? మంచూ ఎడారీ చూడని పిల్లలకు అసలు ఏ జంతువుతో మొదలుపెట్టాలి?

పుస్తకాల మూల:

మేడం, ముందు బొమ్మ కనబడే సంగతి. 22 మందికీ ఒక్క విడతలో చూపకండి. 11 మంది వింటుంటే తక్కిన 11 మంది ముందురోజు పేజీ గీస్తారు, తర్వాత మార్చుకోవచ్చు. చాప మీద ఒక వరస, వెనక బల్ల మీద ఒక వరస, అర్ధచంద్రంలా. పుస్తకం మీ ఒళ్ళో కాదు, మీ చెంప పక్కన, వాళ్ళ కంటి ఎత్తులో ఉండాలి. కిటికీ మీ వెనక ఉంటే పేజీ నల్లగా కనబడుతుంది. నున్న కాగితమైతే మెరుస్తుంది, పైఅంచు కొంచెం ముందుకు వంచండి. టీవీ ఉన్న బడిలో స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు నుంచి తెలుగు పుస్తకాలు ఉచితంగా దింపుకుని పెద్దగా చూపొచ్చు, ముద్రించి పంచినా అభ్యంతరం లేదు.

మొదటి రోజు అక్షరాలు చదవొద్దు. వాక్యాల మీద కాగితం పట్టీ అంటించి బొమ్మలే తిప్పండి. రెండో రోజు చదవండి. పుస్తకం మొత్తంలో మూడు చోట్లే ఆగండి, ప్రతి పేజీకీ ఆగితే కథ చచ్చిపోతుంది. ఆగబోయే పేజీలో ఒంటె పాదాలను ముందే అంటుడు చీటీతో మూసేయండి. "ఇసుకలో నడవాలి. పాదం ఎట్లా ఉంటే బాగుంటుంది?" అని గాలిలో గీయమని, అప్పుడు చీటీ తీయండి.

"ఎందుకు?" అన్న ప్రశ్న ఆరేళ్ళ పిల్లల దగ్గర పనిచేయదు. "ఇది ఇట్లా లేకపోతే ఏమవుతుంది?" అని అడగండి. మేక గిట్టలాంటి సన్నటి పాదంతో ఒంటె ఇసుకలో నడిస్తే? జవాబు చెప్పకండి, చేసి చూపండి. ట్రేలో నాలుగు వేళ్ళ లోతున పొడి ఇసుక పోయండి. నీళ్ళు నింపిన అరలీటరు సీసాలు రెండు తీసుకుని, ఒకటి మామూలుగా, ఇంకొకటి మూత కిందికి వచ్చేలా నిలబెట్టండి. మూత వైపుది దిగబడుతుంది. ఇసుక తడిగా ఉంటే రెండూ నిలబడతాయి, పాఠం బెడిసికొడుతుంది. అందుకే ఇసుక ముందురోజే ఎండబెట్టుకోండి.

జీవశాస్త్రం సార్:

"అనుకూలనం" ఇప్పుడు వద్దు. "చోటుకు తగ్గ ఒళ్ళు" అంటే చాలు. అంతకంటే పెద్ద చిక్కు "కోసం" అనే మాటతో. "పై ఆకులు తినడం కోసం జిరాఫీ మెడ పెంచుకుంది" అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. పిల్లవాడు దాన్ని ఉన్నదున్నట్టు నమ్ముతాడు: కావాలనుకుంది, సాగదీసింది, పెరిగింది. పై తరగతుల్లో పరిణామం చెప్పేటప్పుడు ఈ ముడి విప్పడానికి చాలా తంటాలు పడాలి. "మెడ పొడుగు, అందుకని పై ఆకులు అందుతాయి" అని తిప్పి చదవండి. "పెంచుకుంది, మార్చుకుంది" అని ఉన్న చోట "ఉంది" అని పెన్సిల్‌తో దిద్దుకోండి.

పుస్తకంలో తప్పులూ చూసుకోండి. మోపురంలో ఉండేది కొవ్వు, నీళ్ళు కాదు. పెంగ్విన్, ధ్రువపు ఎలుగు ఒకే మంచుగడ్డ మీద ఉంటే తప్పు: ఎలుగు ఉత్తర ధ్రువం వైపు, పెంగ్విన్లు దక్షిణార్ధగోళంలో. ఊసరవెల్లి గళ్ళ దుప్పటి మీద కూర్చుంటే గళ్ళు రావు. అది రంగు మార్చేది ముఖ్యంగా తోటి ఊసరవెల్లులకు కబురు చెప్పడానికీ, ఒంటి వేడి సర్దుకోవడానికీ (చూశారా, నేనే "చెప్పడానికి" అన్నాను, ఈ అలవాటు అంత తొందరగా పోదు). తప్పున్న పుస్తకం పారేయక్కర్లేదు. "ఇందులో ఒక తప్పుంది, పట్టుకోండి" అంటే రెండో తరగతి పిల్లలు చెవులు నిక్కబొడుచుకుంటారు.

పుస్తకాల మూల:

సార్ కొవ్వు మాట ఎత్తారు కాబట్టి ఒకటి కలుపుతాను. మేడం, మీ ఒంటె పుస్తకం, ఎలుగుబంటి పుస్తకం పక్కపక్కన తెరిచి పెట్టండి. ఇద్దరికీ కొవ్వుంది. ఎలుగుకు చర్మం కింద ఒళ్ళంతా పరుచుకుని ఉంటుంది, వేడి బయటికి పోనివ్వదు. ఒంటెకు ఎక్కువ భాగం వీపు మీద ఒకే చోట కుప్పగా ఉంటుంది, తక్కిన ఒంట్లోంచి వేడి సులువుగా పోతుంది. వేరు వేరు వారాల్లో చెప్తే ఈ పోలిక జారిపోతుంది.

దీనికి డాల్డా తొడుగు చేయండి. పెద్ద జిప్ కవర్లో 300 గ్రాముల డాల్డా వేసి, రెండో కవరును లోపలి వైపు బయటికి తిప్పి అందులో దూర్చండి. అలా తిప్పితేనే రెండు జిప్పులూ ఒకదాంట్లో ఒకటి పడతాయి. అంచు చుట్టూ టేపు వేయండి. డాల్డా లేని రెండు కవర్ల తొడుగు ఇంకొకటి చేయండి, అది లేకపోతే పోలికే లేదు. బకెట్లో మూడు లీటర్ల నీళ్ళు, రెండు ట్రేల ఐసు. ఒక్కో చేతికి ఒక్కో తొడుగు, 20 సెకన్లు చాలు.

ఎక్కడ చెడుతుందంటే, చెయ్యి దూర్చగానే డాల్డా పైకి జరిగి వేళ్ళ కొసల దగ్గర పలచబడుతుంది, పిల్ల "చల్లగానే ఉంది టీచర్" అంటుంది. ప్రతి ఇద్దరికీ ఒకసారి బయటినుంచి నొక్కి సమానం చేయాలి. మన ఎండాకాలంలో డాల్డా కారిపోయేట్టు ఉంటుంది, ముందే ఐదు నిమిషాలు ఐసు నీళ్ళలో ఉంచండి. చివర్న ఎవరో ఒకరు "కొవ్వు వేడిగా ఉంటుంది" అంటారు. ఎవరూ చెయ్యి పెట్టకముందు డాల్డా తొడుగు లోపల ముట్టుకోమనండి, వేడి ఉండదు. వేడి చేతిది, కొవ్వు దాన్ని ఆపుతుందంతే.

చంద్రగిరి టీచర్:

రెండు పుస్తకాలు కలిపి చూపాలన్న ఆలోచన నాకు రాలేదు, చాలా థ్యాంక్స్. మొదటి జంతువు సంగతి ఎవరూ చెప్పలేదు?

పలమనేరు అక్క:

బల్లి, మేడం. గది గోడ మీదే ఉంది. అద్దం మీద పాకేటప్పుడు అవతలి వైపు నుంచి ఫోన్లో ఫోటో తీస్తే వేళ్ళ కింద అడ్డగీతల్లాంటి మడతలు కనబడతాయి. పక్కన తొండ ఫోటో పెట్టండి: మెత్తలు లేవు, గోళ్ళున్నాయి. చెట్టు బెరడు ఎక్కుతుంది, అద్దం ఎక్కలేదు. పిల్లలు బల్లి కాలికి జిగురుందంటారు. జిగురు లేదు, కంటికి కనబడనంత సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. తిరుమల కొండల్లో బంగారు బల్లి ఉంటుందని చెప్పండి. రాతి నెర్రెల్లో పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది, దాని వేళ్ళ కొసలకూ మెత్తలుంటాయి.

రెండోది ఏనుగు. మా పక్క కౌండిన్య అడవుల్నుంచి పొలాల్లోకి దిగుతుంటాయి కాబట్టి పిల్లలకు చెప్పక్కర్లేదు. కానీ బయటి దేశాల పుస్తకాల్లో వేసేది ఆఫ్రికా ఏనుగు: భుజాలు కప్పేంత చెవులు, మధ్యలో లొత్త పడిన వీపు. మనదానికి చెవులు చిన్నవి, వీపు ఉబ్బుగా ఉంటుంది. చెవుల్లోని రక్తనాళాల గుండా వేడి పోతుందని చెప్పి, చాటతో విసిరి చూపించండి.

మీ ముక్కుల పుస్తకానికి నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు ఉన్నాయి. ఫ్లెమింగో తల కిందికి వంచి, ముక్కు తలకిందులుగా నీళ్ళలో పెట్టి వడకడుతుంది. ఆ పేజీ వచ్చినప్పుడు పుస్తకాన్నే తలకిందులు చేసి చూపండి, ముక్కు వంపు అప్పుడు అర్థమవుతుంది. గూడబాతు (పెలికాన్) ముక్కు కింది సంచి చేపలు దాచుకునే బుట్ట కాదు, నీళ్ళతో సహా తోడి, నీళ్ళు వంపి మింగుతుంది. ఆడించాలంటే టీ వడపోత, పట్టకారు, గరిటె ఇచ్చి, నీళ్ళలో నువ్వులు, పళ్ళెంలో చెనక్కాయలు, గిన్నెలో బొరుగులు పెట్టండి. ఏ ముక్కుతో ఏది అందుతుందో 30 సెకన్లలో లెక్క. చింతగింజలు వద్దు, చిన్నోళ్ళు ముక్కులో దోపుకుంటారు.

పుస్తకం లేని జంతువుకు మీరే చేసుకోండి. చార్టు ముక్క మీద జంతువు, పాదం మీద మూత. మూతకు పైఅంచున ఒక సెంటీమీటరు మాత్రమే జిగురు పూయండి. మొత్తం పూస్తే మూత లేవదు, లేపబోతే బొమ్మ చినుగుతుంది.