ఆదివారం తోమకమే చేపల్ని చంపుతోందా?

ఒంగోలు_కోడలు | ఆదివారం రాత్రి 9.40

ఇంట్లో ఒక గొడవ తేలక ఇక్కడికి వచ్చాను. మా వాడి పుట్టినరోజుకి జనవరిలో రెండడుగుల అక్వేరియం కొన్నాం. పోయినప్పుడల్లా కొత్తవి కొంటూ వచ్చాం. ఇప్పటికి 9 గోల్డ్ ఫిష్‌లు పోయాయి, 4 మిగిలాయి. మా మావయ్యగారికి శుభ్రం ఎక్కువ. ప్రతి ఆదివారం టిఫిన్ అవగానే చేపల్ని బకెట్లోకి తీస్తారు. నీళ్ళన్నీ పారబోస్తారు. అడుగున ఉన్న రంగురాళ్ళని చిల్లుల గిన్నెలో వేసి బియ్యం కడిగినట్టు కడుగుతారు. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లనీళ్ళు వచ్చేదాకా పిండుతారు. గాజుని పీచుతో తోమి, సంపులోంచి కొత్త నీళ్ళు తోడి నింపుతారు. సాయంత్రానికి తొట్టి అద్దంలా ఉంటుంది. బుధవారానికి ఏదో ఒక చేప పైకొచ్చి నోరు ఆడిస్తూ ఉంటుంది. శుక్రవారానికి తేలుతుంది. మా వాడు బడికి వెళ్ళేలోపు తీసేయడం నా పని.

పావు వంతు నీళ్ళే మార్చాలి అని నేను ఎక్కడో విన్నాను, అదే అన్నాను. ఆయన, "మురికిలో ఏ ప్రాణి బతుకుతుందమ్మా? నిన్ను పావు వంతు స్నానం చేయమంటే చేస్తావా?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరిది రైటు? దయచేసి ఆయన్ని ఏమీ అనకండి, మీరు రాసేవన్నీ ఆయనకి చదివి వినిపిస్తాను.

ట్రంకురోడ్డు_తాతయ్య | ఆదివారం రాత్రి 10.15

మీ మావయ్యదే రైటు తల్లీ. నెల్లూరులో 22 ఏళ్ళుగా చేపలు పెంచుతున్నా. 15 రోజులకొకసారి నీళ్ళు మొత్తం తీసి పారేస్తా. ఈ పావు వంతులు, అరవంతులు ఈ మధ్య ఫోన్లు చూసి నేర్చుకున్న చదువు. నా దగ్గర ఒక ఏంజెల్ ఆరేళ్ళు బతికింది.

కావలి_గప్పీ | ఆదివారం రాత్రి 10.31

తాతయ్యా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. ఆ అక్క వాళ్ళింట్లో 9 చేపలు పోయాయి. మీరు మొత్తం మార్చినా బతికాయంటే, మీరు చేసేదీ ఆయన చేసేదీ ఒకటి కాదన్నమాట. మీ తొట్టిలో రాళ్ళున్నాయా? ఫిల్టర్ ఉందా? ఏ నీళ్ళు పోస్తారు?

రొయ్యలగుంట | సోమవారం ఉదయం 5.50

విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద 11 ఏళ్ళుగా టెక్నీషియన్‌ని. రాత్రంతా ఏరియేటర్ల (గుంట నీళ్ళకి గాలి పట్టించే యంత్రాలు) మోతలో ఉండి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

గుంట ఎకరమైనా, గాజు తొట్టి రెండడుగులైనా లెక్క ఒకటే. తిన్న మేత మొప్పల్లోంచి, పెంటలోంచి అమ్మోనియాగా బయటికొస్తుంది. అది కంటికి కనబడదు. తొట్టి అద్దంలా మెరుస్తున్న బుధవారం నాడే అందులో విషం ఎక్కువ ఉండొచ్చు. ఈ అమ్మోనియాని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చంపేవే. మూడోది బాగా పేరుకుంటే తప్ప ఏమీ చేయదు. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. ఆ బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ తిరగదు, ఉన్నా చాలా తక్కువ. స్పాంజికి, రాళ్ళకి, గాజుకి జిగురులా అంటుకొని ఉంటుంది. మీ మావయ్యగారు మురికి అనుకొని పిండేస్తున్న ఆ గోధుమరంగు జిగటే మీ చేపల ప్రాణం. దాని మీద క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్ళు పడితే మిగిలిందీ పోతుంది. అంటే ఆయన జనవరి నుంచి ప్రతి ఆదివారం ఒక కొత్త తొట్టి మొదలుపెడుతున్నారు.

స్నానం పోలిక కుదరదమ్మా. పెరుగు పోలిక పెట్టండి. రోజూ రాత్రి తోడు గిన్నె కూడా తోమేసి, తోడు లేకుండా పాలు మూతపెడితే పొద్దున పెరుగు ఎట్టా వస్తుంది? ఆ స్పాంజి తోడు. ఆయనకి ఇది చదివి వినిపించండి.

చేపలషాపు | సోమవారం మధ్యాహ్నం 1.20

నేను అమ్మేవాణ్ణి, నా మాట కూడా వినండి. ఈ పావు వంతు సిద్ధాంతం వల్ల చచ్చిన చేపల్ని నేను ఎక్కువ చూశాను. "బ్యాక్టీరియా ఉంటుందట కదన్నా" అని ఆరు నెలలు నీళ్ళే మార్చరు. ఆవిరైపోయినంత పైన పోస్తూ ఉంటారు. ఆవిరయ్యేది నీరొక్కటే, లోపలి చెత్తంతా అక్కడే ఉంటుంది.

సరుకు కోసం నేను మద్రాసు కొలత్తూరు వెళ్తుంటా. అక్కడ చేపలు పెంచేవాళ్ళలో చాలామంది వట్టి తొట్టిలో పెడతారు, రాళ్ళుండవు. రోజూ సగానికి పైగా నీళ్ళు తీసేసేవాళ్ళున్నారు, మొత్తం తీసేవాళ్ళూ ఉన్నారు. పిల్లలు వేగంగా పెరిగేది అందుకే. మరి వాళ్ళ చేపలు చావడం లేదే? నీళ్ళు ఎక్కువ మార్చడమే తప్పు అంటే మాత్రం నేను ఒప్పుకోను.

రొయ్యలగుంట | సోమవారం మధ్యాహ్నం 2.05

అన్నా, మీరు చెప్పిందాంట్లో నాకు పేచీ లేదు. నేను నీళ్ళ గురించి అనలేదు, స్పాంజి గురించి అన్నా. కొలత్తూరులో వాళ్ళు పోసే నీళ్ళు ముందు రోజు పట్టి గాలి పెట్టినవి, పాత నీళ్ళూ కొత్త నీళ్ళూ ఒకే పీహెచ్ (నీళ్ళు ఆమ్లమా క్షారమా చెప్పే కొలత), ఒకే వేడి. పైగా రోజూ మార్చేవాడి తొట్టిలో అమ్మోనియా పేరుకునే టైమే ఉండదు, బ్యాక్టీరియా పని ఆ చెయ్యే చేస్తోంది. వారానికోసారి మార్చేవాడికి ఆ సౌకర్యం లేదు. ఆదివారం నుంచి ఆదివారం దాకా ఎవరో ఒకరు అమ్మోనియా తినాలి కదా.

ట్రంకురోడ్డు_తాతయ్య | సోమవారం సాయంత్రం 6.30

కావలి పిల్లాడు అడిగినదానికి చెప్తున్నా. నాది గాజుది కాదు, పెరట్లో సిమెంటు తొట్టి. ఫిల్టర్ లేదు. నీళ్ళు డ్రమ్ములో పట్టి మర్నాడు పోస్తా, మా నాయన అట్టానే చేసేవాడు. గోడలు తోమను. పాచి పట్టి పచ్చగా ఉంటుంది, చేపలు దాన్ని గీక్కుని తింటాయని వదిలేశా.

కావలి_గప్పీ | సోమవారం సాయంత్రం 6.34

తాతయ్యా! ఆ పాచి గోడే మీ ఫిల్టరు!!

ట్రంకురోడ్డు_తాతయ్య | సోమవారం సాయంత్రం 6.50

అయితే అయింది. నీళ్ళు మాత్రం మొత్తమే మారుస్తా.

కనిగిరి_మాస్టారు | సోమవారం రాత్రి 8.45

నా అనుభవం వేరు. మా వైపు బోరు నీళ్ళ సంగతి మీకు తెలిసిందే, ఫ్లోరైడు భయానికి తాగేది క్యాను నీళ్ళే. మేం తాగని నీళ్ళు చేపలకెందుకు అని అక్వేరియంలోనూ ప్లాంటు నీళ్ళే పోశాను. ఐదు నెలలు బానే ఉన్నాయి, నేను నీళ్ళు మార్చలేదు, తగ్గినంత పోశానంతే. తర్వాత ఎవరో తిడితే బోరు నీళ్ళతో సగం మార్చాను. రెండు గంటల్లో 7 చేపలు వరసగా పడిపోయాయి. స్పాంజి ముట్టలేదు, రాళ్ళు కదపలేదు. దీనికి తోడు సిద్ధాంతం ఏం చెబుతుంది?

రొయ్యలగుంట | మంగళవారం ఉదయం 6.10

మాస్టారూ, ఈ థ్రెడ్డులో మంచి ప్రశ్న ఇదే. కొంచెం పొడుగ్గా రాస్తా.

బ్యాక్టీరియా అమ్మోనియాని తినేటప్పుడు నీళ్ళలోని క్షారగుణం ఖర్చవుతుంది. బోరు నీళ్ళలో అది దండిగా ఉంటుంది. ఆర్వో ప్లాంటు నీళ్ళలో దాదాపు ఉండదు. కాబట్టి మీ తొట్టి పీహెచ్ నెలనెలా జారి 6 దగ్గరికి వచ్చి ఉంటుంది. అంత కిందికి పోతే బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. అయినా చేపలు చావలేదు. ఎందుకంటే అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, పీహెచ్ తక్కువలో దాదాపు అంతా హాని చేయని రూపమే. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి 1 కూడా ఉండదు. 8.2కి పోతే 11 దాకా ఉంటుంది.

మీరు బోరు నీళ్ళు పోయగానే పీహెచ్ ఒక్కసారి లేచింది. అప్పటిదాకా నిద్రపోతున్న అమ్మోనియా లేచింది. బోరు నీళ్ళు చెడ్డవై కాదు. రోజూ ఒక మగ్గు చొప్పున మార్చుకుంటూ వారం పది రోజుల్లో మెల్లగా మారితే బతికి ఉండేవి. ఇంతకీ అవి ఏ చేపలు?

కనిగిరి_మాస్టారు | మంగళవారం ఉదయం 7.30

మోలీలు.

కావలి_గప్పీ | మంగళవారం ఉదయం 7.41

అయ్యో మాస్టారూ. మోలీలకీ గప్పీలకీ మీ బోరు నీళ్ళలాంటి గట్టి నీళ్ళే ఇష్టం. ఈసారి మొదటినుంచీ బోరు నీళ్ళే పెట్టండి. మావి కావలి బోరు నీళ్ళు, గీజరు రాడ్డుకి పెంకు కడతాయి, గప్పీలు మాత్రం పిల్లల మీద పిల్లలు పెడుతున్నాయి.

ఒంగోలు_కోడలు | బుధవారం మధ్యాహ్నం 3.15

అందరికీ థ్యాంక్స్. పెరుగు మాట విని మావయ్యగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కొలిచి చూపిస్తే నమ్ముతా" అన్నారు. ఆయన లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు లెండి.

మా ఆయన ఈరోజు కొత్తపట్నం దారిలో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షించే ఒక ఆక్వా ల్యాబుకి రెండు సీసాలు పట్టుకెళ్ళారు. ఒకటి తొట్టిలోది, ఒకటి సంపులోది. అక్కడ కుర్రాడు రిజిస్టరు తీసి అడిగాడట, "ఎన్ని ఎకరాలండీ?" "రెండడుగులండీ." ఆ అబ్బాయి పెన్ను కింద పెట్టి నవ్వాడట, కానీ టెస్టు చేసిచ్చాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. సంపు నీళ్ళు: పీహెచ్ 8.1, అమ్మోనియా లేదు. తొట్టి నీళ్ళు: పీహెచ్ 8.2, అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు), నైట్రైట్ దాదాపు సున్నా. కడిగి మూడు రోజులే అయింది.

మావయ్యగారు ఆ కాగితం రెండుసార్లు చదివారు. ఇంకో సంగతి, ఒక చేప తోక మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలున్నాయి.

రొయ్యలగుంట | బుధవారం సాయంత్రం 4.00

నైట్రైట్ సున్నా అంటే మొదటి రకం బ్యాక్టీరియా కూడా ఇంకా మొదలుకాలేదన్నమాట. జనవరి నుంచీ! అమ్మోనియా 2 అంటే గుంటల దగ్గర మేము పరిగెత్తే నంబరు. ఈ ఒక్కసారికి సగం నీళ్ళు మార్చండి, సంపులో నీళ్ళు బకెట్లలో పట్టి ఒక రోజు ఉంచి పోయండి. స్పాంజి ముట్టొద్దు. అమ్మోనియా దిగేదాకా రోజు మార్చి రోజు పావు వంతు. మేత రోజుకి ఒకసారే, రెండు నిమిషాల్లో తినేసేంత. మీ బాబు చెయ్యి కాకుండా మీ చెయ్యి వేయాలి, పిలకాయల గుప్పెడు చాలా పెద్దది.

తెల్ల చుక్కలంటే వైట్ స్పాట్. ఆ మాట వింటేనే మాకు గుండె ఝల్లుమంటుంది, రొయ్యల్లో అది వైరస్, వచ్చిందంటే పంట పోయినట్టే. భయపడకండి, చేపల్లో ఇది వేరే, చర్మంలో దూరే చిన్న పరాన్నజీవి, నయమవుతుంది. అది చేపని వదిలి కింద పడి వందల్లో పిల్లలు పెట్టి మళ్ళీ ఎక్కుతుంది, అందుకే చుక్కలు పోయాయని రెండో రోజే మందు ఆపకూడదు. లీటరుకి 2 గ్రాముల రాళ్ళ ఉప్పు. మీ తొట్టిలో 45 లీటర్లు పడితే 90 గ్రాములు, మూడు విడతల్లో కరిగించి పోయండి. గోల్డ్ ఫిష్ తట్టుకుంటుంది.

చేపలషాపు | బుధవారం సాయంత్రం 5.10

ఉప్పు సరే. ఇంకో మాట, నా వ్యాపారానికి నష్టమైనా చెప్తున్నా: 45 లీటర్లకి 4 గోల్డ్ ఫిష్ కూడా ఎక్కువే. అవి పెద్దయ్యే చేపలు, తినేవీ ఎక్కువ, వదిలేవీ ఎక్కువ. ఆ 9 పోయినప్పుడల్లా కొత్తవి కొన్నారు చూడండి, అక్కడ ఆగాల్సింది. మా షాపులో వాళ్ళు "ఇంకో జత వేయండి" అనే అంటారు, నేనూ అన్నాను.

అలాగే పెద్దవైపోయాయని సక్కర్ చేపల్ని (గాజుకి నోరు అతికించి పాచి తినేవి) తీసుకెళ్ళి చెరువులో వదలకండి. మన చేపల గుడ్లు తినేస్తాయి, వలలు చింపేస్తాయి.

ట్రంకురోడ్డు_తాతయ్య | బుధవారం రాత్రి 9.00

ఎండాకాలం కరెంటు పోతే గాలి మోటారు ఆగుద్ది, అది ఎవరూ చెప్పలేదు. 30 డిగ్రీల నీళ్ళలో ఊపిరి తక్కువ. బ్యాటరీ మోటారు ఒకటి కొనిపెట్టుకో తల్లీ. లేకపోతే చెంబుతో నీళ్ళు తీసి ఎత్తునుంచి పోస్తా ఉండు, నేను అట్టా రాత్రిళ్ళు కూర్చున్నా.

కావలి_గప్పీ | బుధవారం రాత్రి 9.20

అక్కా, 6 వారాలు ఆగక్కర్లేదు. నా తొట్టి రెండేళ్ళది, ఏ జబ్బూ లేదు, స్పాంజి మంచి మురికిగా ఉంది. సగం కోసి ఇస్తా. తోడు అప్పిచ్చినట్టు! శనివారం రైల్లో ఒంగోలు వస్తున్నా. టిఫిన్ బాక్సులో తొట్టి నీళ్ళు కాసిని పోసి తెస్తా, మూత బిగించను, వాటికీ గాలి కావాలి. మీ స్పాంజి పక్కనే ఫిల్టర్లో దోపేయండి.

ఒంగోలు_కోడలు | ఆదివారం మధ్యాహ్నం 12.30

తమ్ముడు నిన్న స్టేషన్లో మా ఆయనకి బాక్సు ఇచ్చాడు. చాలా థ్యాంక్స్. రాత్రి ఆలస్యమైందని వంటింటి గట్టు మీద మూత తీసి పెట్టాను, పొద్దున అందరం కలిసి ఫిల్టర్లో పెడదామని.

పొద్దున లేచేసరికి బాక్సు తళతళలాడుతూ బోర్లించి ఉంది. స్పాంజి ముక్క సబ్బు వాసనతో దండెం మీద ఆరుతోంది. మా అత్తయ్య. ఈ చర్చంతా నేను మావయ్యగారికే చదివి వినిపించాను, ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మావయ్యగారు మాత్రం దండెం దగ్గర నిలబడి ఆవిడకి అమ్మోనియా గురించి అరగంట నుంచి క్లాసు పీకుతున్నారు. "తోడు గిన్నె తోముతావా నువ్వు?" అంటున్నారు.

తమ్ముడూ, ఆ మిగతా సగంలో ఇంకో ముక్క వస్తుందా?

కావలి_గప్పీ | ఆదివారం మధ్యాహ్నం 12.41

వస్తుందక్కా. ఈసారి బాక్సు మీద మార్కరుతో రాసి పంపిస్తా.